మిద్దె మీద కలుద్దాం, తాళం తీయండి

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీ భవనాల్లో చాలావాటిలో మిద్దె మీదికి వెళ్లే తలుపుకు తాళం ఉంటుంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరో, కార్యదర్శిగారి ఇంట్లోనో ఉంటుంది. ట్యాంకు కడిగేవాళ్లకూ కేబుల్ వాళ్లకూ తప్ప అది ఇంకెవరికీ తెరుచుకోదు. ఆ తాళం తీసి, ఇష్టమున్నవాళ్లందరినీ అక్కడ కలిసి ఒక తోట వేసుకోనివ్వమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. కూరగాయల కోసం అడుగుతున్నానని మీకు అనిపించవచ్చు. కూరగాయలు వస్తాయి, మంచివే వస్తాయి. నేను అడుగుతున్నది మాత్రం ముందుగా మనుషుల కోసం.

ఒక్కో అంతస్తులో 4 ఫ్లాట్లు, 5 అంతస్తులు అనుకుంటే 20 కుటుంబాలు. ఊళ్లో అయితే అది ఒక వీధి. ఎవరింట్లో జ్వరమొచ్చిందో, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లిందో ఆ వీధిలో అందరికీ తెలుస్తుంది. అంతగా తెలిసిపోవడం భరించలేకనే పట్నానికి వచ్చినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఇక్కడ మనం దానికి పూర్తిగా అవతలి కొసకు వచ్చేశాం. ఎదురింటివాళ్ల పేరు తెలియదు. ‘302 వాళ్లు’ అంటాం. లిఫ్టులో కలిస్తే నవ్వుతాం, మన అంతస్తు రాగానే దిగిపోతాం. అలాగే ఏళ్లు గడిచిపోతాయి.

దీని భారం అందరిమీదా ఒకేలా పడదు. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు అక్కడ నలుగురుంటారు, పిల్లలకు బడి ఉంటుంది. కొడుకు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే, జీవితమంతా గడిపిన ఊరు వదిలి అతను కొన్న ఫ్లాటులోకి వచ్చిన తల్లిదండ్రులను చూడండి. ఊళ్లో అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్లు పలకరించేవారు. ఇక్కడ రాత్రి వీడియో కాల్ వచ్చేదాకా వాళ్లు నోరు విప్పే అవసరమే రాదు. భర్త ఉద్యోగం కోసం విశాఖ నుంచో వరంగల్ నుంచో వచ్చి, తన ఉద్యోగం మానుకుని చంటిబిడ్డతో నాలుగు గోడల మధ్య ఉన్న అమ్మాయిని చూడండి. ఇంట్లోనే లాప్‌టాప్ ముందు రోజంతా గడిపి, రాత్రి ఆర్డర్ పెట్టిన అన్నం తలుపు దగ్గరే అందుకునే కుర్రాణ్ని చూడండి. ఈ ముగ్గురూ ఒకే భవనంలో, పైనా కిందా ఉంటున్నారు. ఒకరికొకరు పనికొచ్చే మనుషులు. వాళ్లు కలుసుకునే చోటు మాత్రం లేదు.

ఈ ఒంటరితనం పట్టించుకోవాల్సిన విషయమా అని ఎవరైనా అడిగితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదికను చూపించండి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దానితో ముడిపడిన మరణాలు గంటకు సుమారు 100 ఉంటాయని ఆ నివేదిక చెప్పింది. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం ముప్పు కూడా పెరుగుతుందట. మనం లిఫ్టుకు ఏటా సర్వీసింగ్ చేయిస్తాం, మంటలార్పే సిలిండర్లు మారుస్తాం. ఇదీ ఆ కోవలోని పనే.

సంఘాలు ఏమీ చేయడం లేదని నేను అనడం లేదు. వినాయక చవితికి సెల్లారులో మండపం వేస్తున్నారు. సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఆగస్టు 15కు జెండా. బతుకమ్మ తొమ్మిది సాయంత్రాలూ ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. తంగేడు, గునుగు, బంతి పేర్చే మధ్యాహ్నాలు నాకు ఇంకా ఇష్టం. చేతులు పనిలో ఉంటాయి, మాటలు వాటంతట అవే వస్తాయి, ఒకరు మరిచిన పాట ఇంకొకరు అందుకుంటారు. సద్దుల బతుకమ్మ దాటిన మర్నాటి నుంచి మళ్లీ ఎవరి తలుపులు వాళ్లవి. పండుగ మనుషుల్ని ఒకచోటికి తెస్తుంది. వాళ్లను కలిపి ఉంచడానికి రోజూ, కనీసం వారం వారం చేతికి పని చెప్పేది ఒకటి కావాలి.

స్నేహానికి ఎంత సమయం పడుతుందో లెక్కగట్టినవాళ్లున్నారు. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో ఒక అధ్యయనం వెలువరించారు. కొత్త ఊరికి మారినవాళ్లను, కొత్తగా కాలేజీలో చేరినవాళ్లను అడిగి తేల్చిన లెక్క అది. పరిచయస్తులు మామూలు స్నేహితులు కావాలంటే సుమారు 50 గంటలు కలిసి గడపాలి. మంచి స్నేహానికి 90 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన. ఉద్యోగంలో పక్కపక్కన గడిపిన గంటలకు అంత బలం లేదని, ఇష్టంతో తీరిగ్గా గడిపినవే లెక్కకొస్తాయని కూడా ఆయన గమనించారు. ఈ లెక్క హైదరాబాద్‌కు బాగా నప్పుతుంది, ఇక్కడ మనలో చాలామందిమి ఊరు మారివచ్చినవాళ్లమే. మన జనరల్ బాడీ సమావేశం ఏడాదికోసారి రెండు గంటలు జరిగితే, ఆ రెండు గంటలూ బోరు గురించి, బకాయిల గురించి వాదనలోనే పోతాయి. వారానికి రెండు గంటలు మిద్దె మీద కలిసి మట్టి పని చేసినవాళ్లు ఆర్నెల్లలో 50 గంటలు దాటేస్తారు.

అభిరుచి ఉన్నవాళ్లు సంఘాలుగా కలుసుకోవడం ఈ నగరానికి కొత్త కాదు. పక్షులు చూసేవాళ్లకు 1980 నుంచి ఒక సంఘం ఉంది, ఇప్పుడు దాన్ని డెక్కన్ బర్డర్స్ అంటున్నారు. పరుగెత్తేవాళ్లకు హైదరాబాద్ రన్నర్స్ ఉంది. అవి మంచి సంఘాలు. అయితే తెల్లవారుజామున బండి తీసుకుని చెరువు దాకా వెళ్లగలిగినవాళ్లకే అవి అందుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు, పాలు తాగే పిల్ల ఉన్న తల్లికి అందవు. అభిరుచి కలిసినవాళ్లు దూరంగా ఉంటున్నారు, దగ్గరున్నవాళ్లకు కలిసి చేసే పని లేదు. లిఫ్టెక్కితే చాలు, అభిరుచీ ఇరుగుపొరుగూ ఒకేచోట దొరికే అవకాశం మిద్దె మీద ఉంది.

మిద్దె తోట తెలుగువాళ్లకు తెలియనిది కాదు. కథకుడు తుమ్మేటి రఘోత్తమ్‌రెడ్డి గారు నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద కూరగాయలు, పండ్లు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసి, ఎందరికో ఆ దారి చూపించారు. ఇప్పటికీ ఎక్కువగా సొంత ఇల్లున్నవాళ్లే ఈ పని చేస్తున్నారు. అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లు బాల్కనీలో నాలుగు కుండీలతో సరిపెట్టుకుంటున్నారు. నా ఉద్దేశంలో తోట అవసరం వీళ్లకే ఎక్కువ.

కలిసి చేసే ఇతర పనుల కంటే తోట ఎందుకు మేలో చెబుతాను. తోట మనుషుల్ని వేళకు రప్పిస్తుంది. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. సొర, పొట్ల కూడా అంతే. అంత ఎత్తున పురుగుల రాకపోకలు తగ్గితే, మనమే మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దాలి, లేకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. ఆ పనిని మర్నాటికి వాయిదా వేయడానికి లేదు. గుమ్మడి, దోస, కాకర పొద్దున్నే పూస్తాయి. అందుకని ఉదయం కలిసేవాళ్లు కొందరు, సాయంత్రం కలిసేవాళ్లు కొందరు తయారవుతారు. సంఘం ఎన్ని సర్క్యులర్లు అంటించినా గది దాటి రాని మనిషి తను పెట్టిన బీరపాదు కోసం మెట్లెక్కి వస్తాడు. అక్కడ అప్పటికే ఇంకొకరు ఉంటారు.

తోటలో ఎవరికీ అన్నీ తెలియవు. అది ఇంకా మంచిది. చిక్కుడు తీగ కొసలకు నల్లగా పేనుబంక పట్టిందని మా భవనం మిద్దె తోటలో ఒక కుర్రాడు దిగులుపడితే, నంద్యాల నుంచి వచ్చిన ఒక అవ్వ వేపనూనె కొట్టమని చెప్పింది. వేపనూనె నీళ్లలో కలవదని, ముందు కాస్త సబ్బునీళ్లు పోసి గిలకొట్టాలని ఆవిడే చేసి చూపించింది. ఆ అబ్బాయి ఆవిడ ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టాడు. ఆవిడ ఇప్పుడు ఆ అబ్బాయి వాళ్లమ్మకు కూడా ఫోనులో తెలిసిన మనిషి. అంతకుముందు చాలాకాలం ఆ అవ్వా, కుర్రాడూ ఒకే లిఫ్టులో ఎక్కి దిగినవాళ్లే. రోజూ సాయంత్రం నీళ్లు పోయడానికి వచ్చే ఒంటరి పెద్దాయన రెండు పూటలు కనిపించకపోతే ఒకరు వెళ్లి తలుపు తట్టారు. జ్వరంతో మంచం మీద ఉన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్లింది, కోలుకునేదాకా వంతులవారీగా జావ కాచి పట్టుకెళ్లింది ఆ తోట మనుషులే. ఏ సంఘమూ తీర్మానం చేసి ఆ పని అప్పజెప్పలేదు.

తోట ఇవ్వడం కూడా నేర్పిస్తుంది. ఒక సొరపాదు సరిగ్గా కాపుకొస్తే ఆ కాయలన్నీ ఒక ఇంటివాళ్లు తినలేరు. గోంగూర కోసినకొద్దీ చిగురిస్తుంది, తోటకూర ఆగదు. ఇవ్వక తప్పదు, ఇచ్చేందుకు తలుపు తట్టక తప్పదు. తీసుకున్నవాళ్లు గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు. మే నెల ఎండల్లో రెండు పూటలా నీళ్లు కావాలి, సంక్రాంతికి సగం భవనం ఊళ్లకు వెళ్తుంది. ఉన్నవాళ్లు వెళ్లినవాళ్ల వంతు పని చూసుకుంటారు. అలా మొదలైన నమ్మకం ఇంటి తాళంచెవులు ఇచ్చి వెళ్లేదాకా వస్తుంది. నాటు బీరలో బలమైన కాయనొకటి తీగ మీదే ఎండనిచ్చి, గింజలు తీసి, బూడిదలో కలిపి దాచి, కొత్తగా వచ్చిన ఇంటివాళ్లకు చిన్న పొట్లం కట్టి ఇస్తే, ఆ ఇల్లు కొత్తది అన్న బెరుకు వాళ్లకు ఆ రోజుతో పోతుంది.

ఇక మీ భయాలకు వస్తాను. అవి న్యాయమైనవే. స్లాబు కారుతుందేమో, బరువు ఆగదేమో అన్నది మొదటిది. భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం, మనుషులు వెళ్లే చదును మిద్దెకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారం లెక్క వేసి కట్టాలి. తడిమట్టి అడుగు మందాన పరిస్తే చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది. కాబట్టి మిద్దె నిండా మట్టి పరవడం అసలు వద్దు. కొబ్బరిపొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు ఎక్కువగా కలిపి మట్టి బరువు తగ్గించాలి. సంచులు, తొట్లు దూరం దూరంగా, బీములు, స్తంభాలు ఉన్నచోట పెట్టాలి. మామిడి, మునగ వంటి చెట్ల జోలికి పోకుండా ఆకుకూరలు, తీగజాతి, వంగ, టమాటా, మిరప చాలు. మొదలుపెట్టే ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి చూపించండి, ఆయన వద్దన్న చోట పెట్టకండి. కారడానికి అసలు కారణం చాలాసార్లు నిలిచిన నీళ్లు. తొట్లను నేల మీద ఆనించకుండా ఇనుప స్టాండ్ల మీద పెడితే కింద ఊడ్చుకోవచ్చు, వాననీటి గొట్టాల నోళ్లు మట్టితో పూడకుండా చూసుకోవచ్చు. పాత భవనమైతే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. ఆ ఖర్చు తోట లేకపోయినా ఏదో ఒకనాడు పెట్టాల్సిందే. నిజానికి రోజూ మనుషులు తిరిగే మిద్దె మీద పగులును మొదట్లోనే ఎవరో ఒకరు చూస్తారు.

మిద్దె ఎవరిది అన్నది రెండో ప్రశ్న. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, మనం రెరా అంటున్నది, ఉమ్మడి స్థలాల నిర్వచనంలో టెర్రస్‌ను పేరుపెట్టి చేర్చింది. పై అంతస్తు వాళ్లదనో బిల్డరుదనో వాదించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నేను ఇంతకుముందున్న ఒక భవనంలో ఈ వాదనతోనే ఏళ్ల తరబడి తలుపు తెరవలేదు. ఉమ్మడిది అయినప్పుడు దాని మీద అందరూ అడుగుపెట్టాలి. ఇక భద్రత అంటారా, పిల్లలు ఒంటరిగా వెళ్లకుండా వేళలు పెట్టండి, పిట్టగోడ తక్కువుంటే పైన గ్రిల్ వేయించండి.

గొడవలు వస్తాయన్నది మూడోది. వస్తాయి. నా టమాటాలు ఎవరు కోశారు అనే మాటతో మొదలవుతాయి. అందుకే ఫ్లాటు నంబర్లు రాసి తొట్లు పంచేయకండి. అలా పంచితే కింద గోడల మధ్య ఉన్న తీరే పైకి వస్తుంది. తొట్లన్నీ ఉమ్మడివిగా ఉంచండి, ఆదివారం ఉదయం కోతకు అందరూ రావాలని పెట్టండి, వచ్చినవాళ్లంతా పంచుకోండి. పని తక్కువ చేసి కూర ఎక్కువ తీసుకెళ్లేవాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను భరించడం కూడా ఇరుగుపొరుగుతనంలో భాగమేనని నా నమ్మకం.

రెండు విషయాల్లో మాత్రం మీరు పట్టుదలగా ఉండాలని వేడుకుంటున్నాను. ఒకటి, అద్దెకున్నవాళ్లు. సంఘం సమావేశాల్లో వాళ్లకు ఓటుండదు, చాలాచోట్ల పిలుపు కూడా ఉండదు. బ్యాచిలర్లయితే వాళ్లను అనుమానంగానే చూస్తాం. ఊరికి కొత్తవాళ్లు, ఎవరూ తెలియనివాళ్లు ఎక్కువగా ఉండేది అద్దె ఇళ్లలోనే. తోట వాళ్లకు తెరవకపోతే, ఆ తోట వేసి ప్రయోజనం లేదు.

రెండోది వాచ్‌మన్ కుటుంబం. పాలమూరు నుంచో ఉత్తరాంధ్ర నుంచో వచ్చి, సెల్లారు పక్కన చిన్న గదిలో ఉంటారు. భవనం మొత్తంలో వ్యవసాయం నిజంగా తెలిసినవాళ్లు తరచుగా వాళ్లొక్కరే. ఏ కార్తెలో ఏది వేయాలో, ఏ ఆకు ఎందుకు ముడుచుకుందో వాళ్లు ఒక్క చూపుతో చెబుతారు. తోటకు వాళ్లను గురువులుగా పిలవండి, కోసినదాంట్లో సమాన వాటా ఇవ్వండి. నీళ్లు పోసే పనిని మాత్రం జీతం లేకుండా వాచ్‌మన్ భార్య నెత్తిన వేయకండి. మనం చేయాల్సిన పని ఆమెతో చేయించుకుని దానికి తోట అని పేరు పెట్టుకుంటే, అక్కడ కొత్తగా ఏ బంధమూ పుట్టదు. ఆమె కూడా తన పిల్లలతో సాయంత్రం పైకి వచ్చి, మనతో పాటు కూర్చుని మాట్లాడగలగాలి. అది జరిగిన భవనాన్నే నేను మంచి భవనం అంటాను.

మిద్దె నిండా సోలార్ పలకలున్నాయా? ఇంజినీరు వద్దన్నారా? అయితే సెల్లారులో ఒక మూల క్యారమ్స్ బల్ల వేయండి. కమ్యూనిటీ హాలును పుట్టినరోజులకు అద్దెకిచ్చే రోజులు పోగా వారంలో ఒక సాయంత్రం పాటకో పుస్తకానికో వదిలేయండి. ఇలాంటివి పెద్ద ఏర్పాట్లతో పుట్టవు. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం 1901లో మొదలైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం గ్రంథాలయం మొదలైంది. పదకొండేళ్లకు, 1929లో, దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. దేశమంతా పార్కుల్లో కనిపించే లాఫింగ్ క్లబ్బులను డాక్టర్ మదన్ కటారియా 1995లో ముంబైలోని ఒక పార్కులో అయిదుగురితో ప్రారంభించారు. మీ భవనంలో అయిదుగురు దొరకరా?

మీరు జీతం లేకుండా, తిట్లు తింటూ సంఘం నడుపుతున్నారని నాకు తెలుసు. ఇంకో బాధ్యత నెత్తిన పెట్టడం నా ఉద్దేశం కాదు. మీరు తోట వేయనక్కర్లేదు, నడపనక్కర్లేదు. తలుపు తెరిచి, ఒక నీళ్ల కుళాయి ఇప్పించి, వేళలు చెప్పి, పక్కకు తప్పుకుంటే చాలు. మిగతాది ఇష్టమున్నవాళ్లు చూసుకుంటారు. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది, బీర, సొర, కాకర గింజలు పడాల్సిన కాలం. ఆలోగా ఒక సమావేశం పెట్టండి. ఎజెండాలో ఈ అంశాన్ని బకాయిల కంటే ముందు రాయండి. అద్దెకున్నవాళ్లను, వాచ్‌మన్ కుటుంబాన్ని కూడా ఆ సమావేశానికి పిలవండి.

ఇట్లు,
మీలాంటి భవనంలోనే ఉంటున్న ఒక నివాసి,
హైదరాబాద్